పెద్దాయన తలమీద బూజు

కర్నూలు, కడప జిల్లాల్లో పది మంది డాక్టర్లు చేతులెత్తేసిన తలను నేను ఒక్క చూపుతో పట్టేశాను. మైక్రోస్కోపు కూడా అక్కర్లేకపోయింది. కిటికీ వెలుతురులో తల ఇటు తిప్పమన్నాను, అటు తిప్పమన్నాను, సంగతి చెప్పేశాను. ఎన్నాళ్లుగానో భుజాల మీద రాలుతున్న పొట్టు ఆగిపోయింది. మూతపడబోతున్న ఒక కటింగ్ షాపు నిలబడింది. దాని వెనక ఒక సంసారం నిలబడింది.

ఈ మాటలు నేను రిటైరైన రోజు సభలో చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి. తర్వాత పెళ్లి భోజనాల దగ్గర చెప్పాను, బస్సుల్లో చెప్పాను, బ్యాంకులో క్యూ కట్టిన తోటి పెన్షనర్లకు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ డాక్టర్ల సంఖ్య కొంచెం పెరుగుతూ వచ్చింది. వినేవాళ్లు అంత శ్రద్ధగా నోరు తెరుచుకుని చూస్తుంటే పెంచకుండా ఉండటం కష్టం. ఇప్పుడు ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు "సార్, ఆ తల కథ రాసిపెట్టండి" అంటే కాగితం మీద పెడుతున్నాను. పెడుతున్నప్పుడే తెలుస్తోంది, కొంత తగ్గించక తప్పదని. నోటితో చెప్పింది గాలికి పోతుంది. రాసింది మాత్రం ఎవరైనా చదువుతారు. ముఖ్యంగా మా సిస్టర్ చదువుతుంది.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తం, మూత్రం, కళ్లె, చర్మం మీది పొట్టు: మనుషులు తమ ఒంట్లోంచి ఇవ్వగలిగినవన్నీ నా బల్ల మీదికి వచ్చేవి. కర్నూలులో చేశాను, కడపలో చేశాను, రాజంపేటలో కొన్నాళ్లు చేశాను. చివరి పోస్టింగు కుందూ నది దాపున ఒక చిన్న ఊరి ఆసుపత్రి. ఊరి పేరు చెప్పను. కోయిలకుంట్ల బస్సు ఎక్కితే దారిలోనే వస్తుందని మాత్రం చెబుతాను. ఒకవైపు నల్లరేగడి, ఒకవైపు నాపరాయి పాలిష్ చేసే షెడ్లు. ఎండాకాలం వస్తే రాతిపొడి, మట్టిపొడి కలిసి ఊరందరి తలల మీదా సమానంగా పడేవి.

మా ఆసుపత్రిలో హెడ్ నర్సును అందరం సిస్టర్ అనేవాళ్లం. రాజంపేట దాపు మనిషి. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే మిగతా రోజులు మమ్మల్ని కేకలేసేది. నా ల్యాబు సింకు మీద ఆమెకు పగ. "ఈ సింకు ఏంటికప్పా ఎప్పుడు జూసినా నల్లగా ఉండాది?" అని వారం వారం అడిగేది. స్లైడ్లకు వేసే రంగునీళ్లు సిస్టర్, ఎంత తోమినా పోవు అని నేను వారం వారం చెప్పేవాణ్ణి. ఉద్యోగంలో ఇలాంటి సంభాషణలు కూడా ఉండాలి, పొద్దు పోతుంది.

శుక్రవారం శుక్రవారం కర్నూలు నుంచి చర్మం డాక్టరమ్మ వచ్చేది. చిన్న వయసు. కోస్తా వైపు పిల్ల. అందరినీ "అండీ" అనేది. మా వాళ్లు మొదట్లో ఆ "అండీ" వినడానికే గజ్జి ఉన్నా లేకపోయినా వచ్చి కూర్చునేవాళ్లు.

ఇంకొక్క మాట చెప్పి కథలోకి వస్తాను. రిటైరయ్యేదాకా నాది నల్లటి జుట్టు. మా నాన్నదీ అంతే. మా వంశంలో అంతే. ఇప్పుడు తెల్లబడిందంటే అది పెన్షన్ వల్ల.

ఆ ఏడాది ఊళ్లో ఎలక్షన్లు రాబోతున్నాయన్న మాట పుట్టింది. ఎలక్షన్లు వస్తాయో రావో కానీ ఫ్లెక్సీలు ముందు వస్తాయి. బస్టాండు నుంచి ఆసుపత్రి దాకా కరెంటు స్తంభానికొక ముఖం. ఆ ముఖాల్లో పెద్దది మా పెద్దాయనది. పెద్దాయన అంటే ఊళ్లో భూములున్న కుటుంబం, ఇప్పుడు రోడ్డు కాంట్రాక్టులు, బస్టాండు పక్కన వరసగా అద్దె గదులు. మనిషి మంచివాడే. కాకపోతే ఆయనకు కోపం వచ్చినప్పుడు మంచితనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చేది.

ఆయన తలమీద పొట్టు. తెల్లచొక్కా మీద కాబట్టి దూరం నుంచి కనిపించేది కాదు, దగ్గరికి పోతే కనిపించేది. గోక్కునేవాడు. మీటింగులో దండం పెట్టిన చెయ్యి కిందికి దిగకుండా నేరుగా తలలోకి పోయేది. డాక్టరమ్మ మందు షాంపూ రాసిచ్చింది. తగ్గింది. మళ్లీ వచ్చింది. మళ్లీ తగ్గింది, మళ్లీ వచ్చింది. ఒక శుక్రవారం ఆమె "ఒకసారి ల్యాబులో పొట్టు చూపించండి" అని నా దగ్గరికి పంపింది.

పని తేలికే. మొండి బ్లేడుతో తలమీది పొట్టును స్లైడు మీదికి గీరి, ఒక చుక్క మందునీళ్లు వేసి, కాసేపాగి మైక్రోస్కోపు కింద పెట్టాలి. పెట్టాను. చిన్న చిన్న చుక్కలు, కొన్ని మొగ్గ తొడిగినట్టు. ఈస్టు. ఫంగస్ జాతి. అంతవరకూ నేను చూసింది నిజం. అక్కడే నోరు మూసుకుని కాగితం మీద రాసి పంపాల్సింది.

కానీ పెద్దాయన నా కిటికీ అవతల నిలబడి ఉన్నాడు. ఆయన వెనక మనుషులు, ఆ వెనక క్యూ.

"ఏమప్పా, ఏం కనపడతాండాది?"

"ఫంగస్ అన్నా."

"అట్లంటే?"

తెలుగులో చెప్పాలనిపించింది. అందరికీ అర్థమయ్యేలా, గట్టిగా చెప్పాలనిపించింది. "బూజు అన్నా. తలమీద బూజు పట్టింది."

క్యూలో సీసా పట్టుకుని ఉన్న ముసలమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "గోడకు పట్టినట్ల తలకు గూడా పడుతుందా నాయనా?"

"పడుతుందవ్వా. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాది గూడా."

ఆ రెండో వాక్యం ఎవరూ అడగలేదు. ఆ పూట నా ల్యాబుకు అంత మంది శ్రోతలు దొరికారు, అదే కారణం.

"అంటుకుంటాదా?" పెద్దాయన చెయ్యి తలలోంచి బయటికొచ్చింది. "అయితే నాకు యాడ అంటుకున్యాది?"

"దువ్వెన, తువ్వాల, కత్తెర..." అని నేను చదువుకునే రోజుల్లో బట్టీపట్టిన పాఠం అప్పజెప్పాను. కత్తెర దగ్గరికి వచ్చేసరికి ఆయన వెనక్కి తిరిగి నడుస్తున్నాడు.

ఊళ్లో బస్టాండు పక్కన ఒకే ఒక్క పాత కటింగ్ షాపు ఉంది. పెద్దాయన అద్దె గదుల్లో చివరిది. తండ్రి తర్వాత కొడుకు నడుపుతున్నాడు. ఆ కొడుక్కీ అప్పటికి మనవరాలు పుట్టింది. చిత్రమేమంటే పెద్దాయనకే కాదు, ఆయన వెనక తిరిగే మనుషుల్లో చాలామందికి పొట్టు రాలుతోంది. అందరూ ఆ షాపుకే పోతారు. ఇంకేం కావాలి? సాయంత్రానికి అది "బూజు అంగడి" అయిపోయింది. పెద్దాయన గడప దగ్గర నిలబడి, వచ్చే అమావాస్యలోగా గది ఖాళీ చెయ్యమని చెప్పి పోయాడు.

నాలుగు రోజులాగి గడ్డానికి పోయాను. షాపులో ఎవరూ లేరు. షాపాయన ఒక్కడే దువ్వెనలన్నీ గిన్నెలో వేసి స్టవ్వు మీద ఉడకబెడుతున్నాడు, పప్పు ఉడకబెట్టినట్టు.

"రా సార్, కూచో. బూజు పట్టిచ్చుకుంటావా?"

"అట్లనద్దప్పా. నేను మాటవరసకు అన్యా."

"మాటవరసకే సార్. నీకు మాట వరస, నాకు కుర్చీ ఖాళీ." నురుగు పూస్తున్నాడు కానీ కళ్లు కుర్చీ మీద లేవు, వీధిలో ఉన్నాయి. వీధిలో పోయేవాళ్లు షాపు దగ్గరికి రాగానే అవతలి పక్కకు దాటుతున్నారు. ఎన్నేళ్లుగానో ఆయన చేతికి తలలు వంచినవాళ్లే అందరూ. "మా నాయన ఆ కుర్చీ కర్నూల్లో కొని ఎడ్లబండి మీద తెచ్చినాడు సార్. దాన్ని ఇంగ యాడికి మోసుకు పోయేది? ఈ పేరు ముందుగాల పోతాది ఆ ఊరికి, నేను తర్వాత పోతా."

నాకు నురుగు కింద చెమట పట్టింది.

"నీకేమన్నా తెలిస్తే చెప్పు. పెద్దాయన తలకు ఏమన్నా పూస్తాడా?"

కత్తి ఆగింది. "ఈ కుర్చీలో కూచున్నోళ్ల తల సంగతి ఈ గడప దాటదు సార్. మా నాయన నాకు ముందు నేర్పిచ్చింది అది. కత్తెర పట్టేది తర్వాత నేర్పిచ్చినాడు."

"అంగడే పోతాంటే ఏం గడపయ్యా!"

"పోతే అంగడి పోతాది. నోరు జారినోడు అనిపించుకుంటే మళ్ల యా ఊర్లో ఎవురు తల వంచుతారు నా ముందర?" అద్దంలో నా కళ్లలోకి చూశాడు. "నీ తల సంగతి ఎవురికన్నా చెప్పినానా నేను?"

ఆ చివరి మాటకు అర్థమేమిటని అడక్కండి. కటింగ్ షాపుల్లో సగం మాటలకు అర్థం ఉండదు.

ఆ శుక్రవారం డాక్టరమ్మ ల్యాబులోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఊళ్లో మాట ఆమెదాకా చేరింది.

"ఏవండీ, బూజు అన్నది మీరేనా?"

"తెలుగులో చెబుదామని..."

ఆమె నా బ్లేడు తీసుకుని, తన పాపిట దగ్గర మెల్లగా గీరి, స్లైడు మీద దులిపింది. "చూడండి" అంది. మందు చుక్క వేసి చూశాను. అవే చుక్కలు. కొన్ని మొగ్గ తొడిగినట్టు. పెద్దాయన తలమీద కన్నా తక్కువ, కానీ అవే.

"అది అందరి తలమీదా ఉంటుందండీ. నా తలమీద ఉంది, మీ తలమీదా ఉంటుంది. కొందరిలో పెరిగి పొట్టు రేపుతుంది. ఉందని చెప్పడం మీ పని. దానివల్లే జబ్బు వచ్చిందా లేదా చూడటం నా పని. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందని భయపెట్టడం ఎవరి పనీ కాదు. పైగా అది అంటుకునే రకం కూడా కాదు."

చాలా మర్యాదగా చెప్పింది. మర్యాదగా తిడితే ఎక్కువ కాలం గుర్తుంటుంది, పిల్లలూ. మీ కింద ఎవరైనా పనిచేసే రోజు వస్తే వాడి చూడండి.

తర్వాత ఆమె అసలు అనుమానం చెప్పింది. మామూలు చుండ్రయితే మందు షాంపూకు లొంగాలి. ఇది లొంగినట్టే లొంగి రేగుతోంది. పైగా తల మధ్యలో తక్కువ, అంచుల్లో ఎక్కువ: నుదుటి పైన, చెవుల వెనక, మెడ మీద. ఎర్రగా ఉంది, దురద ఎక్కువ. తలకు పెట్టేది ఏదో పడటం లేదు. ఏమిటది?

అక్కడి నుంచి మా ఆసుపత్రి పరిశోధనాలయం అయిపోయింది. పొట్టు రాలే ప్రతివాణ్ణీ ఇంట్లో తలకు రాసే నూనె, సబ్బు, షాంపూ పట్టుకు రమ్మన్నాం. వేప నూనె, కొబ్బరి నూనె, ఆముదం, ఎవరో వైద్యుడు ఇచ్చిన ఆకుపచ్చ నూనె, ఒకాయన ట్రాక్టరు గ్రీజు కూడా తెచ్చాడు, "ఇది గూడా అప్పుడప్పుడు తగుల్తాది సార్" అని. బల్లంతా పచ్చళ్ల అంగడిలా ఉంది. ఏదీ అందరి దగ్గరా లేదు. బోరునీళ్ల మీద అనుమానం పడ్డాం. నేనైతే బోరునీళ్లే అని గట్టిగా వాదించాను.

"ఆ నీళ్లే గదప్పా ఊర్లో ఆడోళ్లు గూడా పోసుకుంటాండారు," అంది సిస్టర్. "వాళ్లకేంటికి లేదు? మొగోళ్లకే, అదీ నలభై దాటిన మొగోళ్లకే పట్టే నీళ్లు యాడన్నా ఉండాయా?" అంటూ నా వైపు చూసింది. సిస్టర్‌కు చూసే అలవాటు ఎక్కువ.

డాక్టరమ్మ ప్రతి ఒక్కరినీ అడుగుతూనే ఉంది. "హెయిర్ డై వాడతారా అండీ? తలకు రంగు వేస్తారా?" అందరిదీ ఒకటే జవాబు: లేదమ్మా. అబద్ధం చెప్పినట్టు కూడా లేదు. కళ్లలోకి చూసి, గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పారు.

అమావాస్య దగ్గర పడింది. షాపాయన అద్దం దింపి గోడకు ఆనించాడని ఎవరో చెప్పారు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. దీన్ని నేను పెంచి చెప్పడం లేదు.

ఆ తర్వాతి శుక్రవారమే ఆ రోజు. పెద్దాయన జీపు దిగి నడిచి వస్తుంటే ముందు ఎవరో అనుకున్నాం. నుదురు ఉబ్బింది, కళ్లు గీతలయ్యాయి, చెవుల వెనక నుంచి నీరు కారుతోంది. ముందురోజు కొత్త ఫ్లెక్సీకి ఫోటో తీయించుకున్నాడట. ఫోటోలో బాగున్నాడు. పొద్దున లేచేసరికి ఇది.

"అమ్మా, నువ్వు ఒక్క కాగితం రాసియ్యల్ల," అన్నాడు కుర్చీలో కూలబడి. "ఈ రోగం ఆ కటింగ్ షాపు నించే వచ్చింది అని. ఇంగ అమావాస్య దాకా గూడా ఆగను. ఈ పొద్దే సామాను బయట పెట్టిస్తా."

"ఆ షాపుకు ఈ మధ్య వెళ్లారా అండీ?"

"యాడ పోయినా! నెల దాటింది."

"నెల దాటితే, నిన్న రాత్రి వాపు ఎలా వచ్చింది? తలకు ఏమైనా రంగు..."

"రంగా! ఏమ్మా, యెన్నిసార్లు అడుగుతావు? మేమేమన్నా నాటకాలాడేటోళ్లమా? మా ఇంట్లో రంగు అన్న మాటే లేదు."

ఇక్కడే నా ఘనకార్యం. ల్యాబు కాగితం ఇవ్వడానికి లోపలికి వచ్చినవాణ్ణి, పెద్దాయన తల పక్కన కిటికీ వెలుతురు పడుతుంటే చూశాను. చెవి వెనక, చెవికీ తలకూ మధ్య మడతలో, నెలవంకలా సన్నటి నల్లటి మరక. గొంతు సర్దుకుని అడిగాను.

"అన్నా, ఆకు పెడతావా?"

"ఆకా? గోరింటాకు పెడతా. పెట్టకుంటే ఎట్లప్పా, ఈ వయసులో?"

"నల్లదా?"

"నల్ల గోరింటాకే. దాన్ని రంగు అంటారా యాడన్నా? అది ఆకు! మా యమ్మ పెట్టుకోలేదా, మా యవ్వ పెట్టుకోలేదా? ఆకుకు రంగుకు తేడా తెల్దా నీకు?"

ఆయన వెనక నిలబడ్డ మనుషుల చేతులు ఒకటొకటిగా వాళ్ల వాళ్ల చెవుల మీదికి పోయాయి.

డాక్టరమ్మ పొట్లం తెప్పించింది. తెప్పించడమేమిటి, వెనకున్న ఒకాయన జేబులోనే ఉంది. పైన గోరింటాకు కొమ్మ బొమ్మ, పెద్ద పెద్ద అక్షరాలు. వెనకవైపు చీమ తలకాయలంత అక్షరాలు. ఆమె ఫోనులో ఫోటో తీసి, పెద్దది చేసి, చదివి, తల ఊపింది.

"మీ అమ్మగారు పెట్టుకున్న ఆకు ఏ రంగు పండేదండీ?"

"ఎర్రగా."

"నల్లగా పండే గోరింటాకు చెట్టును మీరు ఎక్కడైనా చూశారా?"

పెద్దాయన ఆలోచించాడు. పొలాలున్న మనిషి. చెట్ల విషయంలో అబద్ధం చెప్పలేడు. "లే...దు."

"ఇందులో ఆకు కొంచెం, రంగు మందు ఎక్కువ. ఆ మందు కొందరికి పడదు. పెట్టిన ప్రతిసారీ తల రేగుతుంది. ఎండి పొట్టు లేస్తుంది. మీరు ఫంక్షన్లకు ముందు పెట్టుకుంటారు కదా, అందుకే తగ్గి తగ్గి వస్తోంది. మీ ఊళ్లో ఫ్లెక్సీలు ఎక్కువయ్యాయి, పొట్టూ ఎక్కువైంది."

వాపు తగ్గాక అదే మందు ఒక చుక్క మోచేతి లోపల పెట్టి, పైన పట్టీ వేసి చూశాం. రెండు రోజుల్లో అక్కడ ఎర్రగా పొక్కింది. అంతటితో అనుమానం తీరిపోయింది.

ఇక్కడ పది మంది డాక్టర్ల సంగతి ఒప్పుకోవాలి. పది మంది కాదు. ఒక్కరే, మా డాక్టరమ్మ. ఆమె చేతులెత్తేసిందీ లేదు. ఏదో పడటం లేదని ముందే సగం చెప్పిన మనిషి. నేను చేసిందల్లా ఆమె "రంగు" అని అడిగిన ప్రశ్నను "ఆకు" అని అడగడం. మా వాళ్లకు రంగు వేయడం సిగ్గు, ఆకు పెట్టడం ఆచారం. రంగు అని అడిగితే నూరు మందీ లేదంటారు, నిజాయితీగానే అంటారు. మీరు అడిగే మాట వాళ్ల ఇంట్లో ఉందో లేదో ముందు చూసుకోండి. ఈ ఒక్క ముక్కకే ఇంత కథ.

సరే, జబ్బు దొరికింది. షాపు మాటేమిటి? ఆ శుక్రవారమే పెద్దాయన మందు చీటీ మడిచి జేబులో పెట్టుకుని అన్నాడు: "ఈ సంగతి ఈ రూము దాటకూడదు."

"మరి కటింగ్ షాపు అన్నా?"

"తప్పు వానిది కాదని చెప్తే, ఇంగ ఎవురిది అని అడుగుతారు గదప్పా జనం. అప్పుడేం చెప్పల్ల? నా తలకాయ ఎట్ల నల్లగా ఉండాదో మైకులో చెప్పల్లనా?"

అది నిజమే. ఎలక్షన్ల ముందు ఏ నాయకుడూ చెప్పలేని మాట అది. నా నోటి నుంచి పోయిన బూజును వెనక్కి పీల్చే యంత్రం మా ల్యాబులో లేదు. అప్పుడు డాక్టరమ్మ, చీటీల్లోంచి తల ఎత్తకుండానే, "జుట్టంతా తీసేస్తే ఆ రంగు వెంట్రుకలూ పోతాయి, పూత మందు బాగా పడుతుంది. త్వరగా మానుతుంది. ఎక్కడ తీయించుకుంటారో మీ ఇష్టం అండీ," అంది.

ఆదివారం సంత. బస్టాండు నిండా జనం. పెద్దాయన జీపు షాపు ముందే ఆగింది. సామాను బయట పడేయించడానికే వచ్చాడనుకుని చుట్టూ మూగారు. ఆయన గడప ఎక్కి, గోడకు ఆనించిన అద్దాన్ని తానే ఎత్తి మేకుకు తగిలించి, కుర్చీలో కూర్చున్నాడు. "అహోబిలం మొక్కు ఉండాది. నున్నగా గీకు," అన్నాడు వీధికంతా వినపడేలా. షాపాయన ఏమీ అడగలేదు. ఆయన చేతికింద అంత నల్లటి వెంట్రుకలు కుప్పలుగా రాలుతుంటే, వాటి మొదళ్లు ఎంత తెల్లగా ఉన్నాయో చూసినవాడు ఆయనొక్కడే. తువ్వాలతో దులిపి, ఊడ్చి, గోతంలో వేసి మూతి కట్టేశాడు. కాసేపటికే వెనక తిరిగే మనుషులందరికీ అహోబిలం మొక్కులు గుర్తుకొచ్చాయి. సాయంత్రం దాకా కుర్చీ ఖాళీ లేదు. అమావాస్య వచ్చింది, పోయింది. షాపు అక్కడే ఉంది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. మైక్రోస్కోపు కింద కనిపించింది కాగితం మీద రాయండి, కిటికీలోంచి కేకేయకండి. మిగతాది మీ డాక్టర్లు చూసుకుంటారు.

ఇక్కడిదాకా రాసి, కాగితాలు ఫోటోలు తీసి వాట్సాప్‌లో సిస్టర్‌కు పంపాను. ఇప్పుడు రాజంపేటలో ఉంటోంది. చదివినట్టు నీలం గీతలు పడ్డాయి. వెంటనే ఫోను మోగింది.

"ఏమప్పా, పెన్షన్ వల్ల తెల్లబడిందా నీ జుట్టు?"

"పిల్లలు చదివేది సిస్టర్. కొంచెం సరదాకు..."

"ల్యాబు సింకు స్లైడ్ల వల్ల నల్లబడిందా?"

ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాను.

"పెద్దాయన చెవి నువ్వు చూసింది శుక్రవారం. నీ చెవి నేను చూసింది దానికి ముందర సోమారం. నీళ్లు కార్చుకుంటా వచ్చి, బోరునీళ్లు పడలేదు సిస్టర్ అంటివి. రంగు వేస్తావా అంటే దేవుని మీద ఒట్టు లేదంటివి. ఆకు పెడతావా అని అడిగింది నేను నిన్ను. ఆ మాటే పోయి పెద్దాయనను అడిగినావు. మోచేతికి చుక్క పెట్టింది గూడా నీకే. పెద్దాయన చేయి చాపనే లేదు."

"అదంతా రాస్తే కథ పెద్దదైతాదని..."

"ఇంగ ఆదివారం కత. అద్దం గోడకు తగిలించినాడంట పెద్దాయన! ఆయన జీపు మిట్టమధ్యాన్నం వచ్చింది. అప్పటికే అద్దం మేకుకు తగిలించి ఉండాది. పొద్దున్నే, సంతంతా చూస్తాంటే, బూజు అంగడి కుర్చీలో ఫస్టు తలకాయ పెట్టి గుండు గీకిచ్చుకున్యాది నువ్వు. నా నోటితో అన్యా, నా తలతో తీస్తా అంటివి. ఏడ్చుకుంటా కూచుంటివి, జుట్టు పోతాందని. అన్నీ పెంచి రాసినావు గదా, అదొక్కటి ఏంటికప్పా ఎగ్గొట్టినావు? రాయి దాన్ని."